చంటిబిడ్డకు నీడ, అక్కకు బడి
ఆరేళ్ల లోపు పిల్లల సంరక్షణ, పూర్వప్రాథమిక విద్య: షోలాపూర్ తెలుగు కుటుంబాలకు ఒక పాఠం

షోలాపూర్ నగరంలో తెలుగు మాట తరతరాలుగా వినిపిస్తున్నది. కరీంనగర్, నల్గొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడినవి. నేటికీ పని వెదుకుకొంటూ కొత్త కుటుంబాలు వస్తూనే ఉన్నవి. చద్దర్లు, తువ్వాళ్లు నేసే మరమగ్గాల వద్ద పురుషులు, ఇంటి వద్ద బీడీలు చుట్టుతూ స్త్రీలు శ్రమిస్తుండగా, ఆ ఇంటిలోని చంటిబిడ్డ ఎవరి చేతిలో ఉంటున్నది? ఈ పాఠానికి మూలం ఆ ప్రశ్నయే. బిడ్డ పుట్టిన నాటి నుండి బడిలో ఒకటవ తరగతిలో చేరే వరకు ప్రభుత్వం ద్వారా లభించే సేవలేవి, వాటిని పొందే మార్గమేది, ఇంట్లో తల్లిదండ్రులు చేయదగినదేమి అనే మూడు విషయాలను ఇందులో క్రమంగా వివరించడమైనది.

1. ఒక బిడ్డ, ముగ్గురి జీవితం

బీడీలు చుట్టే తల్లి కార్ఖానా నుండి తునికాకు, పొగాకు, దారం తెచ్చుకొని ఇంటి వద్దనే పని చేస్తుంది. చుట్టిన బీడీల లెక్క వెయ్యికి ఇంత అని ఉంటుంది గనుక చేయి ఆగితే కూలి ఆగుతుంది. ఒడిలో బిడ్డ ఉంటే చేయి ఆడదు. అందువలన చాలా ఇళ్లలో ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉన్న అక్క బిడ్డను చంకకు ఎత్తుకొంటుంది. మొదట వారానికి ఒకరోజు బడి మానుతుంది, తరువాత రెండు రోజులు. పాఠాలు అందక వెనుకబడిన పిమ్మట బడికి వెళ్లడమే ఆమెకు సిగ్గుగా తోస్తుంది. ఆమె చదువు మానివేసిన రోజు ఏదని అడిగితే ఇంటివారెవరూ చెప్పలేరు. ఏ ఒక్కరోజునా అది జరగలేదు.

కనుక చంటిబిడ్డను చూచుకొనే చోటు లేకపోవడం వలన నష్టపోయేది ఒక్కరు కారు, ముగ్గురు. బిడ్డకు తగిన పోషణ, మాట, ఆట అందవు. అక్కకు బడి పోతుంది. తల్లికి కూలిలో కోత పడుతుంది. బిడ్డకు మంచి చోటు దొరికితే ఆ ముగ్గురూ ఒకేసారి బాగుపడతారు. శిశు సంరక్షణ కేంద్రాన్ని బిడ్డను ‘ఉంచే’ చోటుగా గాక, ఇద్దరు పిల్లల చదువుకు తొలిమెట్టుగా చూడవలసి ఉన్నది.

ఇంకొక మాట. పొగాకు ఉన్న గది పసిబిడ్డ పెరగదగిన చోటు కాదు. పొగాకు ధూళి ఊపిరితో లోనికి పోతుంది, అన్నంలోనూ పడుతుంది. ప్రాకే బిడ్డకు చాటలోని పొగాకు చేతికందితే నోట పెట్టుకొంటుంది. అది విషము. పొగాకు తిన్న బిడ్డకు వాంతులు, చొంగ కారడం, మత్తు వంటి లక్షణాలు కనిపించవచ్చును. అవి కనిపించే వరకు ఆగక, ఇంటి వైద్యం చేయక, వెంటనే ఆసుపత్రికి తీసుకొని పోవలెను. చాటను, కత్తెరను బిడ్డకు అందని ఎత్తున ఉంచడం, పాలిచ్చే ముందు సబ్బుతో చేతులు కడుగుకొని పని చీర మార్చుకోవడం ప్రతి తల్లీ పాటించదగిన జాగ్రత్తలు. అక్క చేత బీడీలు చుట్టించడం కూడదు. 1986 నాటి బాలకార్మిక చట్టమే బీడీ తయారీని బాలలు చేయరాని పనుల జాబితాలో చేర్చింది.

2. తారాబాయి మోడక్ చూపిన మార్గం

అక్క చంకలో తమ్ముడు ఉంటే బడి నడవదన్న సంగతిని మహారాష్ట్రలో చాలా ముందుగా గుర్తించినవారు తారాబాయి మోడక్. నగరాల్లో బాలవిద్యకు కృషి చేసిన ఆమె 1945లో సముద్రతీరాన ఉన్న బోర్డీ గ్రామానికి వెళ్లి, అనుతాయీ వాఘ్‌తో కలిసి ఆదివాసీ పిల్లల మధ్య పని ప్రారంభించినారు. పిల్లలు బాలవాడికి రాకపోతే బాలవాడియే పిల్లల ముంగిటికి పోవలెనని తలచినారు. అంగణ్ అనగా ముంగిలి. అంగన్‌వాడీ అనే మాటలోని భావం ఇదియే.

తరువాత కొస్బాడ్‌లో వారు నడిపిన ‘వికాస్‌వాడీ’లో పసిపిల్లల సంరక్షణ గది, బాలవాడి, ప్రాథమిక పాఠశాల ఒకే ఆవరణలో ఉండేవి. పెద్దపిల్ల తన వెంట తెచ్చిన తమ్ముడిని ఒక గదిలో అప్పగించి, ప్రక్క గదిలో తాను చదువుకొనేది. మన పేటల్లోని సమస్యకు నేటికీ ఇంతకంటె సూటియైన పరిష్కారం కనబడదు. మీ పిల్ల చదివే బడికి దగ్గరలోనే అంగన్‌వాడీ ఉన్నదేమో మొదట విచారించండి. రెండూ ఒకే దారిలో ఉంటే ఇంటి పని సగం తేలికపడుతుంది.

3. అంగన్‌వాడీ: లభించే సేవలు

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలోని 33 ప్రాజెక్టులలో ప్రారంభమైనది. నేడు అంగన్‌వాడీ ద్వారా ఆరు సేవలు అందుతున్నవి: అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైనప్పుడు ఆసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ, ఆరోగ్య బోధన, మూడేళ్లు నిండిన పిల్లలకు పూర్వప్రాథమిక విద్య. వీటిలో దేనికీ రుసుము లేదు.

ఆహారం దయాదానం కాదు, హక్కు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం 6 నెలల నుండి 6 ఏళ్ల వరకు ప్రతి బిడ్డకు వయస్సుకు తగిన ఆహారాన్ని స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఇవ్వవలెను. ఆ చట్టం వచ్చిన 2013లో దాని రెండవ అనుసూచికలో రోజుకు 500 కేలరీల శక్తి, 12 నుండి 15 గ్రాముల మాంసకృత్తులు అని ప్రమాణం నిర్ణయించడమైనది. పోషకాహార లోపం ఉన్న బిడ్డకు నాడు 800 కేలరీలు, 20 నుండి 25 గ్రాములు. మూడేళ్ల లోపు వారికి ఇంటికి తీసుకొని పోయే సరుకుగాను, మూడు నుండి ఆరేళ్ల వారికి కేంద్రంలోనే ఉదయపు అల్పాహారంగాను, వేడి అన్నంగాను ఇస్తారు. గర్భిణులకు, ప్రసవానంతరం ఆరు నెలల వరకు తల్లులకు కూడా ఈ హక్కు ఉన్నది. ఇంటికిచ్చిన సరుకు బిడ్డ కోసమని గుర్తుంచుకొనవలెను. ఇంటిల్లిపాదీ పంచుకొంటే బిడ్డ పాలు తరిగిపోతుంది.

కేంద్రంలో బిడ్డ బరువు తూచి వ్రాస్తారు. ఆ అంకె ఎంత అని ప్రతిసారి అడగండి. గడచిన నెల కంటె పెరిగినదా, తగ్గినదా అని చూడండి. 6 నెలల నుండి 5 ఏళ్ల లోపు బిడ్డ దండచేయి చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల కంటె తక్కువ ఉంటే పోషణ లోపం ఉన్నట్లు, 11.5 సెంటీమీటర్ల కంటె తక్కువ ఉంటే లోపం తీవ్రమైనట్లు లెక్క. అట్టి బిడ్డను ఆలస్యం చేయక ఆరోగ్య కేంద్రంలో చూపించవలెను. ఇవి గాక, 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద వైద్య బృందం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షిస్తుంది. ఆ రోజున బిడ్డను తప్పక పంపండి. వినికిడి, చూపు, గుండెకు సంబంధించిన లోపాలు అప్పుడే బయటపడే అవకాశం ఉన్నది.

4. ఊరు మారిన కుటుంబం ఏమి చేయవలెను

“మేము ఇక్కడివారము కాము, మాకు ఇస్తారా?” అని కొత్తగా వచ్చిన తల్లులు సంకోచించడం సహజము. ఆ సంకోచానికి కారణం లేదు. మీరు నివసించే చోటికి దగ్గరలోని అంగన్‌వాడీయే మీ అంగన్‌వాడీ. మీ స్వగ్రామం ఏ రాష్ట్రంలో ఉన్నదన్నది అడ్డంకి కాదు. 2022 నాటి మార్గదర్శకాల ప్రకారం తల్లి ఆధార్‌తో బిడ్డను నమోదు చేయించవచ్చును. బిడ్డకు విడిగా ఆధార్ లేదని ఆహారాన్ని నిరాకరించరాదు.

అంగన్‌వాడీ నమోదులు 2021 నుండి పోషణ్ ట్రాకర్ అనే సెల్‌ఫోన్ వ్యవస్థలో జరుగుతున్నవి. ఊరు విడిచే ముందు పాత కేంద్రంలో ఆ సంగతి చెప్పండి. కొత్త ఊరిలోని కేంద్రంలో పాత నమోదు వివరాలు తెలిపి, బిడ్డ పేరును అక్కడికి మార్పించుకోండి. అన్నిటికంటె ముఖ్యమైనది తల్లీబిడ్డల రక్షణ కార్డు. పుట్టినప్పుడు, 6, 10, 14 వారాలకు, 9 నెలలు నిండిన తరువాత, 16 నుండి 24 నెలల మధ్య ఇచ్చే టీకాలన్నీ అందులోనే నమోదవుతాయి. రేషన్ కార్డుతో పాటు దానిని కూడా సంచిలో పెట్టుకొని బయలుదేరండి.

5. మూడేళ్ల లోపు బిడ్డ: పాళణాఘర్

సాధారణ అంగన్‌వాడీ మూడేళ్లు నిండిన పిల్లలను కొన్ని గంటలు మాత్రమే కూర్చోబెట్టుకొంటుంది. రెండేళ్ల బిడ్డకు సరుకు ఇస్తుంది గాని పగలంతా ఉంచుకొనదు. అక్క బడి మానేది ముఖ్యంగా ఈ మూడేళ్ల కాలంలోనే. ఈ లోటును తీర్చవలసినది శిశు సంరక్షణాలయము. మరాఠీలో దానిని పాళణాఘర్ అంటారు, అనగా ఊయల ఇల్లు.

కేంద్ర ప్రభుత్వపు ‘పాల్నా’ పథకం క్రింద అంగన్‌వాడీలోనే సంరక్షణాలయాన్ని నడిపే ఏర్పాటు ఉన్నది. 6 నెలల నుండి 6 ఏళ్ల పిల్లలు ఇందుకు అర్హులు. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు తెరచి ఉంచవలెననీ, ఒక కేంద్రంలో 25 మందికి మించరాదనీ నియమము. ఇట్టి కేంద్రాలు ప్రతి పేటలోనూ లేవు. మీ ప్రాంతంలో ఉన్నదా అని అంగన్‌వాడీ సేవికను అడగండి.

కార్ఖానాలో, కార్యాలయంలో పనిచేసే తల్లులకు వేరొక మార్గమున్నది. 50 లేదా అంతకు మించి ఉద్యోగులు గల సంస్థ సంరక్షణాలయ సౌకర్యం కల్పించవలెనని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూడవచ్చునని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణ చెప్పింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ నియమాన్ని కొనసాగించింది. బీడీ కార్మికుల విషయంలో 1966 నాటి చట్టమే కార్ఖానాల్లో ఆరేళ్ల లోపు పిల్లలకు గదిని ఏర్పరచవలెనని చెప్పింది. అయితే ఆ గది కార్ఖానా ఆవరణలో ఉంటుంది. ఇంటి వద్ద బీడీలు చుట్టే తల్లికి అది దూరమే. కనుక ఆమెకు పేటలోని పాళణాఘర్ తప్ప వేరు దిక్కు లేదు. దానిని కోరడం ఎట్లో ఎనిమిదవ భాగంలో చెప్పడమైనది.

6. వయస్సును బట్టి నేర్పు

బిడ్డ మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని 2020 నాటి జాతీయ విద్యా విధానం పేర్కొన్నది. దీనిని చదివి మూడేళ్ల బిడ్డ చేత పలకపై అక్షరాలు దిద్దించడానికి తొందరపడరాదు. ఆ వయస్సులో చదువు ఆట రూపంలోనే సాగుతుంది.

ఏడాది లోపు బిడ్డకు ముఖం చూచి మాట్లాడడమే పాఠము. బిడ్డ ‘ఊ’ కొడితే మీరూ బదులు పలకండి. ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, అటు పిమ్మట మెత్తగా మెదిపిన పప్పన్నం, అరటిపండు, గ్రుడ్డు వంటివి పాలతో పాటు అలవాటు చేయండి. ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే బిడ్డ తిరిగి చూడవలెను.

ఒకటి నుండి మూడేళ్ల వరకు కనబడిన ప్రతి వస్తువుకూ పేరు చెప్పండి. గిన్నెలోకి గింజలు పోయడం, డబ్బాకు మూత పెట్టడం, ముద్ద తానే తినడం ఈ వయస్సు పనులు. గింజలు ముక్కులోనో నోటిలోనో పెట్టుకొనకుండా ఒక కన్ను వేసి ఉంచండి. రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలుకవలెను. అట్లు పలుకకపోతే భయపడనక్కరలేదు గాని అంగన్‌వాడీలోనో ఆరోగ్య కేంద్రంలోనో తప్పక చెప్పవలెను.

మూడు నుండి ఆరేళ్ల వరకు కథ, పాట, బొమ్మలు గీయడం, మట్టితో ఆట, వస్తువులను రంగును బట్టి, పరిమాణాన్ని బట్టి వేరు చేయడం ముఖ్యము. గుజ్జనగూళ్ల ఆటలో పిల్లలు కొలతలు నేర్చుకొంటారు, వంతులు పాటిస్తారు, మాటలు కలుపుతారు. దాగుడుమూతల్లో లెక్కింపు ఉన్నది. ఇంట్లో దారపు కండెల రంగులను వేరు చేయమని నాలుగేళ్ల బిడ్డను అడిగి చూడండి. ఖర్చు లేని పాఠమది.

7. ఇంట్లో తెలుగు, కేంద్రంలో మరాఠీ

“సేవిక మరాఠీలో మాట్లాడుతుంది, బిడ్డకు అర్థం కాదు. ఇంట్లో కూడా మరాఠీయే మాట్లాడితే మేలు కదా?” అని పలువురు తల్లిదండ్రులు అడుగుతుంటారు. మేలు కాదు. పైన, క్రింద, పెద్ద, చిన్న, ఎక్కువ, తక్కువ అనే భావాలను బిడ్డ తొలుత ఇంటి భాషలోనే గ్రహిస్తుంది. ‘పైన’ అంటే ఏమో తెలిసిన బిడ్డకు మరాఠీలో ‘వర్’ అనే మాట నేర్పితే చాలు, భావాన్ని మళ్లీ నేర్పనక్కరలేదు. ఇంటి భాషను మాన్పించి, తల్లిదండ్రులకే సరిగా రాని భాషలో నాలుగు పొడి మాటలు మాట్లాడితే భావమూ మాటా రెండూ పలుచనవుతాయి. 2020 విద్యా విధానమూ, 2022లో వెలువడిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రమూ ఈ వయస్సులో మాతృభాషకే ప్రాధాన్యమిచ్చినవి.

పసిపిల్లలు రెండు మూడు భాషలను ఒకేసారి నేర్చుకోగలరు. కొంతకాలం మాటలను కలగలిపి వాడితే అది లోపం కాదు. కొత్త కేంద్రంలో మొదటి కొన్ని వారాలు బిడ్డ నోరు విప్పకపోవచ్చును. ఆ మౌనంలో వినికిడి సాగుతున్నదని గ్రహించి, మందబుద్ధి అని ముద్ర వేయకండి. అయితే బిడ్డ ఇంట్లో తెలుగులో కూడా పలుకకుంటే వైద్యునికి చూపించండి.

తల్లిదండ్రులు చేయదగిన చిన్న సహాయం ఒకటున్నది. బిడ్డ అవసరానికి వాడే అయిదారు తెలుగు మాటలను సేవికకు మొదటి రోజే చెప్పండి: నీళ్లు, బువ్వ, ఒంటికి, నొప్పి, నిద్ర. ఆమెకు ఆ మాటలు తెలిస్తే బిడ్డ ఏడుపు సగం తగ్గుతుంది. రాత్రిపూట నాయనమ్మ చెప్పే కథలు, లాలిపాటలు, పొడుపుకథలు మానకండి. తెలుగు కథ విన్న చెవి మరాఠీ కథనూ శ్రద్ధగా వింటుంది.

8. కేంద్రం లేకపోతే, సరిగా లేకపోతే

రాజ్యాంగంలోని 45వ అధికరణం, 2002 నాటి సవరణ తరువాత, ఆరేళ్ల లోపు పిల్లలందరికీ సంరక్షణ, విద్య కల్పించడానికి రాజ్యం ప్రయత్నించవలెనని చెబుతున్నది. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మరింత స్పష్టమైనది. ఆరేళ్ల లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని మురికివాడ లేదా గ్రామీణ నివాసం వారు కోరితే, కోరిన మూడు నెలలలోగా కేంద్రాన్ని ఏర్పాటు చేయవలెనని న్యాయస్థానం ఆదేశించింది.

కనుక మొదట లెక్క తీయండి. మీ వీధులలోని ఆరేళ్ల లోపు పిల్లల పేరు, వయస్సు, తల్లి పేరు ఒక కాగితంపై వ్రాయండి. మూడేళ్ల లోపు వారిని విడిగా చూపండి. పాళణాఘర్ కోరడానికి ఆ సంఖ్యయే ఆధారము. చిన్నపిల్లలను చూచుకోవడం కోసం బడి మానిన అక్కల సంఖ్యను కూడా చేర్చండి. తల్లులు సంతకాలు చేసి, అర్జీని బాలవికాస ప్రకల్ప అధికారి కార్యాలయంలో ఇచ్చి, ముట్టినట్లు ముద్ర వేయించిన నకలును తీసుకోండి. ఒక నకలు మీ వార్డు కార్పొరేటరుకు ఇవ్వండి. నోటిమాటగా అడిగిన దానికి జాడ ఉండదు. తేదీ వేసిన కాగితానికి జవాబు అడుగవచ్చును.

కేంద్రం వచ్చే వరకు నాలుగిళ్ల తల్లులు వంతులు వేసుకొని, పొగాకు లేని ఒక గదిలో పిల్లలను చూచుకోవడం మేలు. వంతు వచ్చిన తల్లి ఆ పూట చాట ముట్టరాదు.

ప్రైవేటు సంరక్షణాలయంలో చేర్చేవారు రుసుము కంటె ముందు మనుషులను లెక్కించవలెను. మూడేళ్ల లోపు పిల్లలు పదిమందికి ఒకరు, మూడు నుండి ఆరేళ్ల వారు ఇరవైమందికి ఒకరు చూచుకొనేవారు ఉండవలెనని 2013 నాటి జాతీయ విధానపు ప్రమాణము. తాగునీరు, మరుగుదొడ్డి, గేటు, వంట పొయ్యి ఉన్న చోటు చూడండి. బిడ్డను ఎవరికి అప్పగించవచ్చునో వ్రాసి ఇవ్వండి. చెప్పకుండా ఒకసారి మధ్యాహ్నం వెళ్లండి. తల్లిదండ్రులను లోనికి రానివ్వని చోట బిడ్డను ఉంచకండి.

9. కేంద్రంలో పనికివచ్చే మరాఠీ

బిడ్డ పేరు నమోదు చేయించవలెను: మాఝ్యా బాళాచే నావ్ నోందవాయ్‌చే ఆహే.
మేము వేరే ఊరి నుండి వచ్చినాము: ఆమ్హీ దుస్ర్యా గావాహూన్ ఆలో ఆహోత్.
బరువు ఎంత ఉన్నది?: వజన్ కితీ ఆహే?
తరువాతి టీకా ఎప్పుడు?: పుఢ్‌చీ లస్ కధీ ఆహే?
పాళణాఘర్ ఎక్కడ ఉన్నది?: పాళణాఘర్ కుఠే ఆహే?

10. పునశ్చరణ

ఈ ప్రశ్నలకు ఇంట్లో అందరూ కూర్చుండి జవాబులు చెప్పుకొనండి.

1. మన ఇంటికి దగ్గరలోని అంగన్‌వాడీ ఏది? అది ఏ వేళలలో తెరచి ఉంటుంది?
2. మన బిడ్డ బరువు గత నెలలో ఎంత, ఈ నెలలో ఎంత?
3. తల్లీబిడ్డల రక్షణ కార్డు ఎక్కడ ఉన్నది? తరువాతి టీకా తేదీ ఏది?
4. పొగాకు చాట, కత్తెర బిడ్డకు అందని చోట ఉన్నవా?
5. ఈ నెలలో మన పెద్దపిల్ల ఎన్ని రోజులు బడి మానింది? వాటిలో బిడ్డను ఎత్తుకోవడానికి మానినవి ఎన్ని?

చివరి ప్రశ్నకు ‘ఒక్కరోజు’ అనే జవాబు వచ్చినా, మరునాడే అంగన్‌వాడీకి వెళ్లి విచారించండి. ఒకటి రెండు కాకముందే దానికి మార్గం చూడవలెను.